ఆటల చదువుకు లండన్ దాకా ఎందుకు?

ప్రశ్న: మాది తణుకు. మావారికి కోళ్ల దాణా వ్యాపారం. మా పెద్దమ్మాయి అమెరికాలో బిజినెస్ అనలిటిక్స్ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చదువుకు బ్యాంకు లోను తీసుకున్నాం. వచ్చే వేసవిలో వాళ్ల కాలేజీ వాళ్లు 'క్రీడలు, ప్రపంచీకరణ' అనే కోర్సు కోసం ఆరు వారాలు లండన్ తీసుకెళ్తారట. ఆరు క్రెడిట్లు వస్తాయంటోంది. ఫీజు ఆరు వేల డాలర్లు, విమానం టికెట్ వేరే. తను టెన్త్ వరకు బ్యాడ్మింటన్ ఆడింది, జిల్లా స్థాయిలో గెలిచింది కూడా. ఇంటర్‌లో చేర్చేటప్పుడు మేమే మానిపించాం. ఇప్పుడు ఈ కోర్సు మాట ఎత్తగానే వాళ్ల నాన్న, "ఆటలు మానిపించి చదువుకు పంపితే, చదువు డబ్బులతో ఆటలు చూడ్డానికి వెళ్తుందా?" అని ఫోన్లో మాట్లాడటమే తగ్గించేశారు. ఇది నిజంగా చదువేనా, విహారయాత్రా? అమెరికా వీసాకు ఏమైనా ఇబ్బంది వస్తుందా? ఆయనకు ఎలా చెప్పాలి? మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, తణుకు

సమాధానం:

అమ్మా,

మీవారికి ఎలా చెప్పాలన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. కోళ్ల దాణా వ్యాపారంలో ఉన్న మనిషికి ఈ కోర్సు సంగతి చెప్పడానికి బ్లాక్‌బర్న్ అనే ఊరి కథ చాలు.

వెంకీస్ గురించి ఆయనకు నేను చెప్పేదేముంటుంది? వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి. రావు గారు తెలుగువారేనని, పేపర్లో రోజూ గుడ్డు ధర ఇచ్చే నెక్ వెనుక ఉన్నది కూడా ఆయనేనని మీ ఇంట్లో తెలిసే ఉంటుంది. ఆ వెంకీస్ వాళ్లు 2010 నవంబరులో ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నారు. కోడిమాంసం అమ్మే కంపెనీకి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుతో ఏం పని అని ఆయన్నే అడగండి. వ్యాపారస్తుడు కాబట్టి ఆలోచిస్తారు.

జవాబు కోసం ఆ ఊరి చరిత్రలోకి వెళ్లాలి. బ్లాక్‌బర్న్ లాంకషైర్‌లోని నేత మిల్లుల ఊరు. ఆ మిల్లుల్లో నేసిన పంచెలు ఓడలెక్కి మన దేశానికి వచ్చేవి. మన మగ్గాలను దెబ్బతీసిన మిల్లు గుడ్డలో ఆ ఊరి వాటా చాలా పెద్దది. అదే ఊళ్లో మిల్లు కార్మికులకు శనివారం ఒంటిపూట సెలవు దొరకడం మొదలయ్యాక ఫుట్‌బాల్ పట్టుకున్నారు. 1883లో ఆ ఊరికే చెందిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు లండన్ వెళ్లి ఎఫ్ఏ కప్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించింది. అవతలి వాళ్లు పెద్ద జమీందారీ కుటుంబాల పిల్లలు చదివే ఈటన్ స్కూలు పూర్వ విద్యార్థులు. ఇవతలి వాళ్లలో నేతపనివాళ్లు, ఇనుప కార్ఖానా పనివాళ్లు ఉన్నారు. పని మానుకుని ఆడేవాడికి కూలి ఇవ్వాలా వద్దా అన్న గొడవ అప్పటికే ముదిరింది. 1885లో ఆటగాళ్లకు డబ్బివ్వడాన్ని ఒప్పుకున్నారు. 1888లో 12 క్లబ్బులతో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది. ఆ పన్నెండింటిలో బ్లాక్‌బర్న్ రోవర్స్ ఒకటి.

1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లినప్పుడు ఈ ప్రాంతానికే వచ్చారు. బ్లాక్‌బర్న్ పక్కనున్న డార్వెన్‌లో, మన విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల కూడా పనులు పోయిన మిల్లు కార్మికులను కలుసుకున్నారు. వాళ్లు ఆయన మీద కోపం చూపకుండా ఆదరంగా పలకరించారు. పంచెలు అమ్మిన ఊరికి, ఆ పంచెలు వద్దన్న మనిషి అతిథిగా వెళ్లడం! ఆ తర్వాత ఎనభై ఏళ్లు తిరక్కుండానే ఆ ఊరి క్లబ్బు ఒక భారతీయ కుటుంబం చేతికొచ్చింది.

ఆపైన జరిగింది మాత్రం ఎవరికీ సంతోషం కలిగించలేదు. స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు పెట్టిన రోజుల్లో, 1995లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. వెంకీస్ వచ్చిన నెల తిరక్కుండానే మేనేజర్‌ను తీసేశారు. ఆటగాళ్లు కోడికాళ్లు తింటూ కనిపించిన ప్రకటన ఒకటి వచ్చింది. 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారిపోయింది. ఆ రాత్రి మ్యాచ్ జరుగుతుండగా అభిమానులు నిరసనగా ఒక కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో ఇంకో మెట్టు దిగి, మరుసటేడు మళ్లీ పైకి వచ్చింది. యజమానులూ తక్కువ డబ్బేమీ పెట్టలేదు. ఆ డబ్బును భారతదేశం నుంచి పంపించే వ్యవహారం చివరికి ఢిల్లీ హైకోర్టు దాకా వచ్చింది. లాంకషైర్‌లో తాతముత్తాతల నాటి నుంచి ఒకే క్లబ్బును నమ్ముకున్న కుటుంబాలు ఢిల్లీ కోర్టు వాయిదాల కోసం ఎదురుచూడాల్సి వచ్చిందంటే, మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఏమిటో కొంత అర్థమవుతుంది. క్లబ్బు ఎవరిది? కాగితాల మీద పేరున్నవాళ్లదా, నాలుగు తరాలుగా టికెట్ కొంటున్నవాళ్లదా? డబ్బు ఒక దేశంలో, ఆట ఇంకో దేశంలో, చూసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? చికాగోలో సోయా ధర కదిలితే తణుకులో దాణా బస్తా ధర కదులుతుందని మీవారికి ఏ ప్రొఫెసరూ చెప్పనక్కర్లేదు. అదే లెక్క ఆటలో ఎలా నడుస్తుందో చూడటమే ఈ కోర్సు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: అవును, ఇది చదువే. చరిత్ర, అర్థశాస్త్రం, వ్యాపారం, కార్మికుల జీవితం అన్నీ కలిసే చోటు. ఈ సబ్జెక్టును చిన్నచూపు చూడకండి. అయితే ఆ పేరు పెట్టుకున్న ప్రతి కోర్సూ చదువు అవుతుందని మాత్రం నేను చెప్పను. ఆ తేడా ఎలా పట్టుకోవాలో చెప్పేముందు, మీ అమ్మాయి ఆడిన ఆట గురించి కొంచెం మాట్లాడాలి. మీ ఉత్తరంలో "మేమే మానిపించాం" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

బ్యాడ్మింటన్ నియమాలకు మొదటి రూపం వచ్చింది మన పుణెలో. 1870ల్లో అక్కడి బ్రిటిష్ సైనికాధికారులు ఆడుతూ రాసుకున్నారు. ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో బ్యాడ్మింటన్ హౌస్ అనే భవనం పేరు ఆటకు స్థిరపడింది. 1899లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు మొదలయ్యాయి. 1934లో తొమ్మిది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నప్పుడు ఆ తొమ్మిదిలో భారత్ లేదు, రెండేళ్ల తర్వాత చేరింది. ఆ సమాఖ్య దశాబ్దాల పాటు ఇంగ్లండ్‌లోని చెల్ట్నమ్ నుంచే నడిచింది. 2005లో మూటాముల్లె సర్దుకుని కౌలాలంపూర్ వెళ్లిపోయింది. అదే 2005లో ఐసీసీ కూడా లార్డ్స్ వదిలి దుబాయ్ చేరింది. ఇంగ్లండ్‌లో పెరిగిన రెండు ఆటల పెత్తనం ఒకే ఏడాది ఆసియాకు ఎందుకు కదిలింది? ఆడేవాళ్లు, చూసేవాళ్లు, టీవీ డబ్బు, పన్నుల సౌకర్యం అన్నీ ఎటు జరిగాయో అటే ఆఫీసులూ జరిగాయి. ఈ ఒక్క ప్రశ్న మీద ఒక విద్యార్థి ఆరు వారాలూ పని చేయొచ్చు.

మరుసటేడు, 2006లో, పాయింట్ల లెక్క మారింది. సర్వీస్ చేసినవాళ్లకే పాయింట్ వచ్చే పాత పద్ధతి పోయి, ప్రతి ర్యాలీకి పాయింట్ వచ్చే 21 పాయింట్ల గేమ్ వచ్చింది. మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో ముందే అంచనా ఉంటే టీవీ వాళ్లకు సుఖం. మీ అమ్మాయి రాకెట్ పట్టేనాటికి అదే ఆట, అదే నియమం. అది ఎందుకు వచ్చిందో ఆలోచించే అవసరం తనకు రాలేదు. 2011లో సమాఖ్య ఇంకో నియమం తెచ్చింది: పెద్ద పోటీల్లో ఆడపిల్లలు స్కర్టులే వేసుకోవాలని. మహిళల ఆటకు ఆకర్షణ పెరుగుతుందని, స్పాన్సర్లు వస్తారని వాళ్ల ఆలోచన. క్రీడాకారిణులు ఎదురుతిరిగారు. నియమం అమలు వాయిదా పడి, 2012లో మొత్తానికే వదిలేశారు. ఆ ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో, వెంబ్లీ అరీనాలో, నాకౌట్‌లో తేలికైన ప్రత్యర్థి దొరకాలని కావాలనే ఓడిపోయారంటూ చైనా, దక్షిణ కొరియా, ఇండోనేషియాలకు చెందిన ఎనిమిది మంది మహిళల డబుల్స్ ఆటగాళ్లను పంపించేశారు. అదే అరీనాలో సైనా నెహ్వాల్‌కు కాంస్యం వచ్చింది. ఇవన్నీ మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి. అయితే తెలిసి ఉండటం ఒకటి, వాటి వెనుక ఎవరి నిర్ణయం ఉంది, ఎవరికి లాభం వచ్చింది, ఎవరు నష్టపోయారు అని కూర్చుని రాయడం ఇంకొకటి. కోర్టులో చెమటోడ్చిన పిల్లకు ఈ చదువులో ఉండే బలం, టీవీలో మాత్రమే చూసిన తోటి విద్యార్థులకు ఉండదు.

2001లో పుల్లెల గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చాక, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ మొదలైంది. అక్కడి నుంచే సింధు దాకా వరస తెలుగు ఇళ్లన్నిటికీ తెలుసు. ఆ వరసను చూసి గర్వపడే మనమే ఇంటర్ రాగానే పిల్లల రాకెట్లు అటక మీద పెట్టిస్తున్నాం. మీరు చేసింది మన రెండు రాష్ట్రాల్లో వేల ఇళ్లలో జరిగిందే. మైదానం లేని కాలేజీలు, పొద్దుటి నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లు, ర్యాంకుల భయం, ఇంటి ఆర్థిక పరిస్థితి. వీటి మధ్య తల్లిదండ్రులు తీసుకున్న నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. మీరూ మిమ్మల్ని తప్పు పట్టుకోకండి. అయితే ఆ పిల్ల ఆటను మరిచిపోలేదన్నది మంచి వార్త. ఆడలేకపోయినా అర్థం చేసుకుందామనుకుంటోంది. ఆ కోరికను "మళ్లీ ఆటలా" అని కొట్టిపారేస్తే బాధ రెండోసారి పెట్టినట్టవుతుంది. ఇది మీవారికి నెమ్మదిగా చెప్పగలిగేది మీరే.

ఇక కోర్సు మంచిదో కాదో పట్టుకునే విధానం. మీ అమ్మాయిని సిలబస్ అడగమనండి. వెబ్‌సైట్‌లో ఫొటోలతో ఉండే పరిచయం కాదు, ఏ వారం ఏం చదవాలి, ఏం రాయాలి, మార్కులు దేనికి అని ఉండే సిలబస్. గత ఏడాదిదైనా సరే ఇస్తారు. ఇవ్వకపోతే అదే ఒక జవాబు.

అందులో నేను మొదట చూసేది తేదీలు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. జూన్, జూలైల్లో వెళ్లే కోర్సు ప్రీమియర్ లీగ్ బొమ్మలు చూపించి పిల్లల్ని పిలుస్తుంటే, అక్కడ దొరికేది ఖాళీ స్టేడియం టూరు, దాని పక్కన జెర్సీల షాపు. వేసవిలో అక్కడ నిజంగా నడిచేవి వేరు. వింబుల్డన్ ఉంటుంది. ఆ పచ్చగడ్డి మీద ఎగిరే బంతులు ఫిలిప్పీన్స్‌లో తయారై వస్తాయి. లార్డ్స్‌లో క్రికెట్ ఉంటుంది. 1932లో మన దేశం మొదటి టెస్టు ఆడింది అక్కడే. కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ. జూలై చివర్లో, ఒక్కో జట్టు వంద బంతులు ఆడే 'ది హండ్రెడ్' క్రికెట్ పోటీలు మొదలవుతాయి. లీడ్స్‌లోని ఆ పోటీల జట్టు ఇప్పుడు పూర్తిగా మన సన్‌రైజర్స్ యజమానులదే. హాంప్‌షైర్ కౌంటీ క్లబ్బును 2024లో జీఎంఆర్ గ్రూపు చేజిక్కించుకుంది. ఇంగ్లండ్ కౌంటీ క్లబ్బుల్లో విదేశీ యజమాని చేతికి వెళ్లిన మొదటిది అదే. రాజాం నుంచి బయలుదేరిన గ్రంధి మల్లికార్జునరావు గారి కంపెనీ సౌతాంప్టన్‌లో క్రికెట్ మైదానం నడుపుతోందంటే, మీ అమ్మాయికి తన టర్మ్ పేపర్ విషయం వెతుక్కోవాల్సిన పనే లేదు. ఇంగ్లిష్ తోటివాళ్లు చదవలేని తెలుగు పేపర్లు, తెలుగు ఇంటర్వ్యూలు తను చదవగలదు. ప్రొఫెసర్‌తో ఆ సంగతి ముందే చెప్పమనండి, సంతోషంగా ఒప్పుకుంటారు.

రెండోది, పనిచేసేవాళ్ల గురించి ఆ సిలబస్‌లో ఎన్ని వారాలున్నాయో చూడాలి. యజమానులు, బ్రాండ్లు, టీవీ హక్కులతోనే కోర్సు అయిపోతే అది సగం చదువు. ఖతార్‌లో 2022 ప్రపంచ కప్ స్టేడియాలు, రోడ్లు, హోటళ్లు కట్టినవాళ్లలో నేపాలీలు, బంగ్లాదేశీలతో పాటు మన జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. యజమాని ఒప్పుకోనిదే ఉద్యోగం మారలేని కఫాలా పద్ధతి గురించి ప్రపంచమంతా మాట్లాడింది ఆ ప్రపంచ కప్ వల్లే. చేత్తో కుట్టే ఫుట్‌బాళ్లు చాలావరకు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి. అక్కడ పిల్లలతో బంతులు కుట్టిస్తున్నారన్న సంగతి బయటపడి, 1997లో దాన్ని ఆపడానికి ఒప్పందం జరిగింది. దేశ విభజన సమయంలో అదే సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివాళ్లే జలంధర్‌లో క్రీడా సామగ్రి పరిశ్రమను నిలబెట్టారు. మీ అమ్మాయి కొట్టిన షటిల్ కూడా ఇలాంటిదే. ఈకల షటిళ్లకు ఈకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. మన దేశంలో బెంగాల్‌లోని ఉలుబేరియాలో కుటుంబాలకు కుటుంబాలు వాటిని తయారుచేసి బతుకుతున్నాయి. ఈ మనుషులు ఏ వారంలోనూ కనిపించని కోర్సుకు ఆరు వేల డాలర్లు పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

మూడో సంగతి చిన్నది: లండన్ దాటి తీసుకెళ్తారా? మాంచెస్టర్‌లో నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది. అక్కడి నుంచి బ్లాక్‌బర్న్‌కు రైల్లో ఒక్క పూటలో వెళ్లిరావచ్చు. లండన్‌లోనే ఉండిపోయే కోర్సు పనికిరాదని కాదు, ఉత్తరాది మిల్లుల ఊళ్లు చూస్తే ఈ చదువు ఇంకా బాగా మనసుకు పడుతుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. దీని కోసం కొత్తగా అప్పు చేయకండి. ఉన్న లోనుకు ఇంకొంచెం కలపొద్దు. ఫీజు ఆరు వేలంటే ఖర్చు ఆరు వేలతో ఆగదు. టికెట్, బ్రిటన్ వీసా, తిండి, మెట్రో ఛార్జీలు, శని ఆదివారాలు తోటివాళ్లతో కలిసి తిరిగే ఖర్చు ఉంటాయి. ఇంకోటి చాలామంది లెక్కవేయరు: వేసవిలో క్యాంపస్‌లో పూర్తి సమయం పనిచేసుకోవచ్చు కాబట్టి, ఆ సంపాదన కూడా పోతుంది. అన్నీ ఒక కాగితం మీద వేయించండి.

తర్వాత క్రెడిట్ల సంగతి. "ఆరు క్రెడిట్లు వస్తాయి కాబట్టి డబ్బు వృథా కాదు" అని పిల్లలు చెబుతారు. చాలా అమెరికన్ కాలేజీల్లో ఫుల్ టైమ్ విద్యార్థి సెమిస్టర్‌కు పన్నెండు క్రెడిట్లు తీసుకున్నా పదిహేను తీసుకున్నా ట్యూషన్ ఫీజు ఒకటే. అలాంటి చోట వేసవిలో ఆరు క్రెడిట్లు తెచ్చుకున్నా ఆ తర్వాత ఫీజు తగ్గదు, ఒక సెమిస్టర్ ముందే డిగ్రీ ముగిస్తే తప్ప. కాబట్టి అడ్వయిజర్‌ను ఇలా అడగమనండి: ఈ ఆరు క్రెడిట్లు నా డిగ్రీలో ఏ తప్పనిసరి ఖాళీని నింపుతాయి? వీటివల్ల నేను ముందుగా పట్టా తీసుకోగలనా? జవాబు "ఎలక్టివ్‌గా పడతాయి, అంతే" అయితే ఆరు వేలు చదువు మీద ప్రేమతో పెడుతున్న డబ్బని తెలిసి పెట్టాలి. అది తప్పు కాదు, మీ దగ్గర ఉంటే.

స్కాలర్‌షిప్పుల పేజీలో కనిపించే గిల్మన్ లాంటి ప్రభుత్వ సాయం అమెరికా పౌరులకే. మన పిల్లలు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కాలేజీ సొంత నిధులు, డిపార్ట్‌మెంట్ ఇచ్చే చిన్న గ్రాంట్లు విదేశీ విద్యార్థులకూ దొరకొచ్చు. అడిగేవాళ్లు తక్కువ, అందుకే అడగమంటున్నాను.

వెళ్లేట్టయితే రెండో ఏడు ముగిశాక వచ్చే ఈ వేసవే మేలు, ఆ తర్వాతి వేసవి వద్దు. మూడో ఏడు తర్వాత వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌కు ముఖ్యం. చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలు దాన్ని వదులుకోకూడదు. రెండో ఏడు తర్వాత ఈ కోర్సుకు వెళ్లడంలో ఆ నష్టం తక్కువ. ఇక ఈ కోర్సు చూసి క్రీడారంగంలో ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, మొదట్లో జీతాలూ అంతంతమాత్రమే. అనలిటిక్స్ చదివే పిల్లకు క్లబ్బుల లెక్కలు, టీవీ హక్కుల లెక్కలు చదవడం వచ్చి, దాని మీద ఒక మంచి పేపర్ చేతిలో ఉంటే ఏ కంపెనీ ఇంటర్వ్యూలోనైనా మాట్లాడటానికి సొంత సరుకు ఉంటుంది. నేను హామీ ఇవ్వగలిగింది అంతవరకే.

వీసా విషయంలో మీ టెన్షన్ సరైనదే. ఇలాంటి కార్యక్రమాల సూచనల పత్రాలు అమెరికన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. "బ్రిటన్‌కు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అనుమతి చాలు" అని అందులో ఉంటే అది మీ అమ్మాయికి వర్తించదు. భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాల్సిందే. గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది, ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికాలో ఉండగానే చేసుకోవచ్చు, వేలిముద్రలకు మాత్రం స్వయంగా వెళ్లాలి. కోర్సులో ఇంటర్న్‌షిప్ కలిపి ఉంటే ఈ వీసా చాలదు. మధ్యలో రెండు రోజులు పారిస్ అని ఉంటే దానికి ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు పనిచేసే షెంగెన్ వీసా మళ్లీ వేరే. పరీక్షల హడావుడిలో రెండు వీసాలు తెచ్చుకోవడం కష్టం. పారిస్ లేకుండా మిగతా కోర్సుకు రావచ్చా అని ముందే అడగాలి.

అమెరికాకు తిరిగొచ్చేటప్పుడు కావాల్సినవి: గడువున్న ఎఫ్-1 (విద్యార్థి) వీసా స్టాంపు, కాలేజీ ఇచ్చే ఐ-20 అనే పత్రం, దాని మీద ఏడాది లోపు కాలేజీ వాళ్లు చేసిన ప్రయాణ సంతకం. స్టాంపు గడువు వేసవిలో ముగిసేట్టుంటే, లేదా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే, ఈ కోర్సు వదిలేయడమే మంచిది. ఆరు వారాల కోసం నాలుగేళ్ల డిగ్రీని ప్రమాదంలో పెట్టకూడదు. ఈ మధ్య అక్కడి నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి స్నేహితుల మాట, వాట్సాప్ గ్రూపుల మాట వద్దు. ఆ కాలేజీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు వాళ్ల మాటే లెక్క.

ఈ లెక్కలన్నీ కలిశాక కూడా కుదరకపోతే అమ్మాయి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఈ విషయం చదవడానికి అమెరికాలోనే కావాల్సినంత సరుకుంది. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఒకప్పటి బేస్‌బాల్ మైదానాన్ని క్రికెట్‌కు మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. 2024 జూన్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది కూడా అక్కడే. స్టాండ్లలో తెలుగు మాటలు వినిపించే మైదానం అది. ఏ ప్రొఫెసర్ దగ్గరైనా ఒక సెమిస్టర్ ఇండిపెండెంట్ స్టడీగా దాని మీద పనిచేయొచ్చు, మామూలు ఫీజులోనే.

మీవారితో మాట్లాడాల్సింది మీ అమ్మాయే. మీరు మధ్యలో ఉండి ఆమె మాట ఆయనకు, ఆయన మాట ఆమెకు చేరవేస్తుంటే ఇద్దరూ మీ మీదే విసుక్కుంటారు. "నాన్నా, నేను చదవబోయేది ఇది, అయ్యే ఖర్చు ఇది, ఇందులో నా సంపాదన ఇంత, స్కాలర్‌షిప్‌కు అడిగాను, వీసా సంగతి ఇలా ఉంది" అని తనే ఆదివారం వీడియో కాల్‌లో చెప్పాలి, లెక్క కాగితం చూపించాలి. వెంకీస్ కథ కూడా తన నోటే చెప్పమనండి. ఆయన ప్రశ్నలు అడగడం మొదలుపెడితే సగం పని అయినట్టే. ఒకవేళ లెక్క చూసి కూడా "ఈ ఏడాది వీలుకాదమ్మా" అంటే ఆ మాటను గౌరవించమని తనకు మీరు చెప్పండి. లోను తీర్చే బాధ్యత ఆయన భుజాల మీద కూడా ఉంది.

మరో జాగ్రత్త. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు. బ్రిటన్ వీసా రాకపోతే మిగతా ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో కూడా ముందే తెలుసుకోవాలి. ఈ రెండు విషయాలపై, ఐ-20 విషయంపై కాలేజీ వాళ్ల జవాబు మెయిల్‌లో రాతపూర్వకంగా వచ్చేవరకు ఒక్క డాలరు కూడా కట్టొద్దని అమ్మాయికి ఇవాళే చెప్పండి.